రాయపూర్ లైను మీద సంగీతం

బిస్సమ్ కటక్ చరిత్ర చెప్పమంటే మన ఇళ్ళల్లో అందరూ రైలుతోనే మొదలుపెడతారు. "బండి వచ్చేకే ఊరొచ్చింది" అని మామ్మ అనేది. ఆ మాట సగమే నిజం. రైలు కంటే ముందే ఊరుంది. కటకం అంటే దండు విడిసిన చోటు. జయపురం రాజులకి సైన్యంతో సేవ చేసే తాట్‌రాజాలు ఇక్కడ ఉండేవారు. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో బిస్సమ్ కటక్ ఏజెన్సీ తాలూకాల్లో ఒకటిగా కనిపిస్తుంది. అంటే అప్పటికి మన ఊరూ విజయనగరమూ ఒకే జిల్లా. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తరవాత అవసరం పడుతుంది.

ఇక రైలు. పార్వతీపురం దాకా పట్టాలు ముందే పడ్డాయి. అక్కణ్ణించి రాయగడ, బిస్సమ్ కటక్, మునిగుడ మీదుగా రాయపూర్ దాకా బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు పని పూర్తి చేసింది 1931లో. విశాఖలో కడుతున్న ఓడరేవుకి మధ్య పరగణాల మాంగనీసు దింపుకోవడానికి వేసిన లైను అది. రేవు 1933లో తెరిచారు. మాంగనీసు కిందికి దిగింది, మన ముత్తాతలు పైకి ఎక్కారు. ఉప్పు, బట్టలు, కిరసనాయిలు తెచ్చి అమ్మడం, చింతపండూ పసుపూ కొని పంపడం. చాటికోన బుధవారం సంతకి కొండ దిగి వచ్చే డొంగరియా కొంధుల దగ్గర పసుపు, అల్లం కొనడం గురించి మన పెద్దవాళ్ళు చాలానే చెప్పారు, ఇక్కడ రాసుకున్నాం కూడా. కొట్టు లెక్కలు, తగువులు, పెళ్ళి సంబంధాలు అన్నీ వచ్చాయి. పాట గురించి మాత్రం ఎవరూ రాయలేదు.

నేను రాయాల్సి వచ్చింది ఎందుకంటే, ముప్ఫై నాలుగేళ్ళకి మళ్ళీ యూనివర్సిటీలో పేరు రాయించుకున్నాను. దూరవిద్యలో సంగీతం ఎం.ఏ. రెండో ఏడాది చిన్న పరిశోధన పత్రం ఒకటి ఇవ్వాలి. ఎవరో మహా విద్వాంసుడి మీద రాసేకంటే మన లైను మీద రాద్దామనుకున్నాను. విజయనగరంలో ఎక్కిన సంగీతం ఎంత దూరం వచ్చింది, ఎక్కడ దిగిపోయింది అన్నది నా ప్రశ్న. నా తెలుగు బళ్ళో నేర్చుకున్న తెలుగు కాదని మీకు తెలుసు. చదివింది హొస్పేటలో, కన్నడ మీడియంలో. తప్పులుంటే పిన్ని దిద్దుతానంది.

విజయనగరంలో సంగీత కళాశాల పెట్టింది 1919లో, మహారాజా విజయరామ గజపతి. ఆస్థానంలో ఉద్యోగి చాగంటి జోగారావు గారి అబ్బాయి గంగబాబుకి చూపు లేదు. పిల్లాడికి సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లాడికి చదువు చెప్పించడానికే మహారాజు ఈ పాఠశాల పెట్టారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథా పితామహుడు అని మనం వినేది ఈయన గురించే. 1864లో అజ్జాడలో పుట్టారు. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు, ఊళ్ళ వెంట కథలు. అలాంటి మనిషిని ప్రిన్సిపాలు కుర్చీలో కూర్చోబెట్టడం విచిత్రమే. కానీ 1936 దాకా ఆయనే ఆ కుర్చీలో ఉన్నారు.

కళాశాల అంటే ఇవాళ మనకి మామూలు మాట. అప్పటికి కాదు. అంతకు ముందు సంగీతం కావాలంటే గురువు ఇంట్లో ఉండాలి. ఆయన చెప్పినప్పుడు నేర్చుకోవాలి, చెప్పనప్పుడు నీళ్ళు తోడాలి. ఎవరి అబ్బాయివి, ఏ ఇంటివాడివి అన్నదాన్ని బట్టి పాఠం. కళాశాలలో రిజిస్టరు ఉంటుంది, ఏ ఏడాదికి ఏం చెప్పాలో రాసి ఉంటుంది, చివర పరీక్ష, డిప్లొమా. గురుకులం గొప్పదని మా క్లాసుల్లో కూడా అంటూ ఉంటారు. అయ్యుండొచ్చు. కానీ కొట్టువాడి కొడుకుకి గురుకులంలో చోటెక్కడ? రిజిస్టరులో అయితే ఒక గీత ఖాళీగా ఉంటుంది.

ఆ రిజిస్టరు ఎంత పని చేసిందో చెప్పడానికి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కథ చాలు. 1893లో పుట్టారు, పుట్టింది బెంగుళూరులో. (ఈ మాట చదివినప్పుడు నేను సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఆఫీసు బస్సులో ఉన్నాను. పక్కవాడికి చెప్పాను. వాడికి ద్వారం ఎవరో తెలీదు, బెంగుళూరు మాత్రం తెలుసు.) తండ్రి సైన్యంలో ఉద్యోగి. పెరిగింది విశాఖలో. చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ. బోర్డు కనపడక బడి మానేశారు. అన్నగారు వెంకటకృష్ణయ్య దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. విజయనగరంలో కళాశాల తెరిచారని విని, విద్యార్థిగా చేరదామని వెళ్ళారు. వాయించమన్నారు. విన్నాక, నువ్వు చేరాల్సింది విద్యార్థిగా కాదు అని అధ్యాపకుడిగా తీసుకున్నారు. అప్పటికి ఆయనకి ఇరవై ఆరేళ్ళు. 1936లో నారాయణదాసు గారి తరవాత ప్రిన్సిపాలు అయ్యారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ఫిడేలు నాయుడు గారు అంటే దేశమంతా తెలిసింది.

చూపు లేని పిల్లాడి కోసం పెట్టారని చెప్పుకునే చోటుకి, చూపు సరిగా లేక బడి మానేసినవాడు వచ్చి దాన్ని నిలబెట్టాడు. ఇది నాకు బాగా నచ్చిన సంగతి. ఇంకో సంగతి, వయొలిన్ అప్పటికి పాటకి వెనకాల వాయించే వాద్యం. దాన్నొక్కదాన్నే ముందు పెట్టి పూర్తి కచేరీ చెయ్యొచ్చు అని చూపించినవాళ్ళలో ద్వారం మొదటివారు, 1938లో వెల్లూరులో.

నేను సంగీతంలో పడింది కూడా ఆయన పాత ప్లేటు ఒకటి విన్నాకే. ముప్ఫై ఒకటో ఏట, ఒక రాత్రి. రిలీజు ఉంది, బిల్డు వచ్చేదాకా పని లేదు, చెవుల్లో ఏదో ఒకటి పెట్టుకుందామని వెతుకుతుంటే దొరికింది. గరగర మధ్యలో ఆ వయొలిన్. నిజం చెప్పాలంటే అది ఏ రాగమో, ఏ తాళమో నాకేం అర్థం కాలేదు. ఎవరో మనిషి గొంతుతో పాడుతున్నట్టే ఉంది, మాటలు మాత్రం వినపడటం లేదు. నాలుగుసార్లు విన్నాను. మర్నాడు మా వీధిలో పాట చెప్పే ఆవిడ దగ్గరికి వెళ్ళి, పెద్దవాళ్ళకి చెప్తారా మేడమ్ అని అడిగాను. చిన్న పిల్లల బ్యాచిలో కూర్చుంటే చెప్తానన్నారు. కూర్చున్నాను. కర్ణాటకలో జూనియర్, సీనియర్, విద్వత్ అని సంగీతం పరీక్షలు ఉంటాయి. జూనియర్ పరీక్ష హాల్లో నా ముందు బెంచీ అమ్మాయికి పన్నెండేళ్ళుంటాయి. "అంకుల్, మీ పాప లోపలుందా?" అని అడిగింది.

అన్నట్టు, ఆ బ్యాచిలో ఒక విషయం గమనించాను. మొదటి గీతాలు పురందరదాసువి. వాటిని పిళ్ళారి గీతాలంటారు, మలహరి రాగంలో ఉంటాయి. పదహారో శతాబ్దంలో ఆయన ఏర్పరిచిన వరుసలోనే ఈనాటికీ దక్షిణాదంతా పాఠం మొదలవుతుంది. కాబట్టి విజయనగరంలో తెలుగు పిల్లాడు తొలి మెట్టు మీద కన్నడం పాడతాడు. ఇక్కడ బెంగుళూరులో కన్నడ పిల్లలు నాలుగేళ్ళు పోయాక త్యాగరాజ కృతుల దగ్గరికొచ్చి తెలుగు పాడతారు, పుస్తకంలో తెలుగు మాటలు కన్నడ లిపిలో అచ్చయి ఉంటాయి. నేను చదువుకున్న మొదటి తెలుగు సాహిత్యం అలా కన్నడ అక్షరాల్లోదే. ఆ త్యాగరాజు మాత్రం తెలుగు దేశంలో పుట్టారా? 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో ఉండి, చుట్టూ తమిళం మధ్య ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో రాశారు. మనలాంటి ఇంటి మనిషే.

ఘంటసాల గారి విజయనగరం కథ మీ అందరికీ తెలిసే ఉంటుంది, గబగబా చెప్పేస్తాను. చేతి ఉంగరం అమ్ముకుని వచ్చారు, వచ్చేసరికి కళాశాలకి సెలవులు. ఉండడానికి చోటు పోయి, ఇంటింటికీ వెళ్ళి జోలె పట్టి మధూకరం చేసుకుని తిన్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు తన ఇంట్లో పెట్టుకుని డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. మన లైను మనుషులకి ఈ శాస్త్రి గారి గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పాలి. ఆయన్ని సాలూరు చిన్న గురువు గారు అంటారు, వాళ్ళ నాన్నగారు పెద్ద గురువు గారు. సాలూరు అంటే కొరాపుట్ ఘాటీ ఎక్కే ముందు చివరి పెద్ద ఊరు. మనవాళ్ళు సంబంధాలు చేసుకున్న ఊరు. శాస్త్రి గారబ్బాయి సంగీతరావు గారు 1920లో పుట్టి 2020 దాకా ఉన్నారు. ఘంటసాల గారికి హార్మోనియంతో తోడుండి, తరవాత వెంపటి చిన సత్యం గారి కూచిపూడి నృత్యనాటకాలకి సంగీతం కూర్చారు. నేదునూరి కృష్ణమూర్తి గారు కూడా 1940లో కుర్రవాడిగా ఈ కళాశాలకే వచ్చారు. పి. సుశీల గారిదీ ఇదే కళాశాల. ఎవరెవరి పిల్లలో, ఎక్కడెక్కడి నుంచో. ఆ ఊళ్ళో వారాలు చేసుకుని చదువుకోవడం పరువు తక్కువ పని కాదు. అన్నం పెట్టే ఇళ్ళు ఉండబట్టే కళాశాల నడిచింది అనిపిస్తుంది నాకు.

మన తాతయ్య కూడా వాళ్ళలో ఒకరని మనకి ఎవరూ చెప్పలేదు.

మూడేళ్ళ క్రితం ఇల్లు సున్నం వేయించడానికి బిస్సమ్ కటక్ వెళ్ళినప్పుడు మామ్మ ట్రంకుపెట్టెలో కొట్టు చిట్టాల కింద ఒక నోటుబుక్కు దొరికింది. అట్ట మీద తాతయ్య పేరు, విజయనగరం, 1938 అని సిరా అక్షరాలు. నాకు అప్పటికి తెలుగు చదవడం రాదు. కానీ కన్నడం వచ్చినవాడికి తెలుగు లిపి బొత్తిగా పరాయిది కాదు. తలకట్టు తేడా, కొన్ని అక్షరాల వంపు తేడా, అంతే. నెమ్మదిగా కూడబలుక్కుంటే స, రి, గ, మ బయటపడ్డాయి. సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, అలంకారాలు, తరవాత గీతాలు, బిలహరి స్వరజతి, వర్ణాలు. కింద గీతలతో కాలం గుర్తులు, పక్కన ఎర్ర సిరాతో ఎవరో దిద్దిన దిద్దుబాట్లు. నేను బెంగుళూరులో పిల్లల బ్యాచిలో నేర్చుకున్న వరుస ఇదే, పేజీకి పేజీ. చివరిది మోహన వర్ణం. చరణం ఎత్తుకుని, రెండో స్వరం దగ్గర ఆగిపోయింది. తరవాత పేజీలన్నీ ఖాళీ. ఆ తరవాత నాలుగు పేజీల్లో మాత్రం పెన్సిలుతో చింతపండు బస్తాల లెక్క.

బాబాయి చెప్పిన దాన్ని బట్టి ముత్తాతకి పక్షవాతం వచ్చింది, పెద్దకొడుకుగా తాతయ్య కొట్టుకి తిరిగి రావాల్సొచ్చింది. వచ్చాక ఆయన పాడగా విన్నవాళ్ళు ఎవరూ లేరు. నాన్న మటుకు, సాయంత్రం కొట్టు కట్టేశాక తాతయ్య బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చునేవాడని, అది లెక్కలు చూసుకోవడం అనుకున్నామని అన్నాడు.

ఇప్పుడు మొదట చెప్పిన జిల్లా సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా కొత్త రాష్ట్రం అయింది. విశాఖ జిల్లా నుంచి జయపురం సంస్థానం విడదీసి కొరాపుట్ జిల్లా చేశారు. మన ఊరు అందులోకి వెళ్ళింది. (రాయగడ వేరే జిల్లా అయింది 1992లో.) పర్లాకిమిడి కూడా అప్పుడే అటు పోయింది. అక్కడ జీవితమంతా మేష్టరుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు, కొత్త రాష్ట్రం మొదలైన రోజునే ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. సవర భాష నేర్చుకుని వ్యాకరణమూ నిఘంటువూ రాసిన మనిషి, వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషి. అప్పటికి డెబ్భై దాటాయి. బడిలో ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా కట్టి ఎఫ్.ఏ., బి.ఏ. పాసయిన మనిషి కూడా. దూరవిద్య అన్న పేరు పుట్టకముందే అది చేశారు.

జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారిది ఇంకో రకం కథ. 1869లో పుట్టారు. అరవై దాటాక, 1931లో గద్దె ఎక్కారు. అంతవరకూ విశాఖలో పుస్తకాల మధ్య బతికారు. తెలుగు, ఒడియా, సంస్కృతం మూడింటిలోనూ చెయ్యి తిరిగిన పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరు పెట్టారు. 1936 తరవాత ఆయన రాజ్యం ఒరిస్సాలో, ఆయన డబ్బు విశాఖ యూనివర్సిటీలో. ఆయనకి ఇందులో ఏ ఇబ్బందీ కనిపించినట్టు లేదు. సరిహద్దు గీత మహారాజులకి అడ్డం రాదు. కొట్టువాళ్ళకి వస్తుంది.

ఎలాగంటే, తాతయ్య 1938లో విజయనగరం వెళ్ళాడంటే అప్పటికి గీత పడి రెండేళ్ళు. రైలు అదే, ఊళ్ళు అవే, కాబట్టి వెళ్ళగలిగాడు. కానీ తరవాత తరం బళ్ళో ఒడియా వచ్చింది. నాన్న చదివింది ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, రాయలేడు. అందుకే ఆ నోటుబుక్కు ట్రంకులో ఉన్నా ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఉద్యోగం కోసం నాన్న కర్ణాటక వచ్చాడు, నాది కన్నడం. మూడు తరాలు, మూడు లిపులు. తాతయ్య రాసింది చదవడానికి మనవడు కన్నడం మీదుగా తిరిగి రావాల్సి వచ్చింది. ఒడియాలో బతికినందుకు నాన్నకి దిగులేమీ లేదు, నాక్కూడా కన్నడంలో చదివినందుకు లేదు. రెండూ మనకి అన్నం పెట్టిన భాషలే. ఏం పోయింది అన్నది లెక్క రాసుకోవాలి కదా, అందుకని రాస్తున్నాను.

కళాశాలకి వెళ్ళలేనివాళ్ళకి తరవాత వచ్చిన దారి రేడియో. విజయవాడ స్టేషను 1948లో మొదలైంది. బాలమురళీకృష్ణ గారు అక్కడ ఉన్నప్పుడు పొద్దున్నపూట భక్తిరంజని పెట్టించారు. వోలేటి వెంకటేశ్వర్లు గారు రేడియోలోనే సంగీత శిక్షణ పాఠాలు చెప్పారు. గురువు విజయవాడలో మైకు ముందు, శిష్యులు ఎక్కడెక్కడో వంటింట్లో. విశాఖ స్టేషను 1963లో వచ్చాక మన కొండల్లో కూడా శుభ్రంగా వినపడేదట. మామ్మ పాడే పాటలన్నీ అక్కడివే. ఆవిడకి స్వరం పేరు ఒక్కటి తెలీదు, శ్రుతి మాత్రం ఎప్పుడూ తప్పేది కాదు.

యూనివర్సిటీలు ఈ పని చేపట్టింది ఇంకా తరవాత. మన దేశంలో కరస్పాండెన్సు కోర్సు ఢిల్లీ యూనివర్సిటీలో 1962లో మొదలైంది, ఆంధ్ర యూనివర్సిటీలో 1972లో. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది. వీటి గురించి చిన్నచూపుగా మాట్లాడేవాళ్ళు ఉన్నారు, ఇంట్లో కూర్చుని సంగీతమేమిటి అని. వాళ్ళకి నా జవాబు శ్రీపాద పినాకపాణి గారు. 1913లో శ్రీకాకుళం వైపు ప్రియ అగ్రహారంలో పుట్టారు. విశాఖలో వైద్యం చదివారు, కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసరుగా రిటైరయ్యారు. పగలు వార్డుల్లో రోగులు, పొద్దున్నా రాత్రీ సంగీతం. నేదునూరి, వోలేటి, నూకల చిన సత్యనారాయణ అందరూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. వందలాది కృతుల్ని స్వరపరిచి రాసిన సంగీత సౌరభం సంపుటాల్ని తిరుమల తిరుపతి దేవస్థానం వేసింది. ఉద్యోగం వల్ల సంగీతం చెడలేదు ఆయనకి. నేను పొద్దున్న అయిదుకి లేచి ఫోనులో తంబూరా పెట్టుకుని కూర్చుంటే, మా టీములో ఒకడు "మిడ్‌లైఫ్ క్రైసిస్సా బ్రో" అన్నాడు. డాక్టరు గారి ఫొటో చూపించాను.

పత్రం మొదటి చిత్తుప్రతి ఇంతవరకూ రాసి మా మేడమ్‌కి పంపాను. ఆవిడ చదివి, బాగుంది గానీ, ఇందులో మీ ఊరి సంగీతం ఏది అని అడిగారు. విజయనగరం నుంచి వచ్చినదంతా రాశారు, అక్కడ ముందే ఉన్నదేమైంది?

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టుకుంది. మన ఊళ్ళో మోహురి ఉంది. సన్నాయి లాంటిదే, గొంతు ఇంకా పదును. డోలు ఉంది. కొంధుల పెళ్ళికి, పండగకి వాయించేది డొంబు కులంవాళ్ళు. వరస కట్టి భుజాలు పట్టుకుని ఆడే ఆటని కొరాపుట్ వైపు ధెమ్సా అంటారు, అరకు వైపు ధింసా అంటారు. గీతకి అటూ ఇటూ ఒకటే అడుగు. కొండ మీద డొంగరియాల పాటలు ఉన్నాయి, నియమ్‌రాజా గాథ అంతా పాటే. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట పన్నెండు ఊళ్ళు సభలు పెట్టుకుని బాక్సైటు గని వద్దన్నప్పుడు, ఈ కొండ మా దేవుడిది అన్న వాదనకి ఆధారం ఆ గాథలే. కాగితం పట్టా వాళ్ళ దగ్గర లేదు. డంబు ప్రస్కా అనే గాయకుడి పేరు ఆ ఉద్యమం గురించి తెలిసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

మన ఇళ్ళ పెళ్ళిళ్ళకి సన్నాయి మేళం ఎక్కణ్ణించి వచ్చేది? పార్వతీపురం నుంచి, రైలెక్కి. నాన్న పెళ్ళికి కూడా అంతే. మోహురి వాయించేవాళ్ళు మన వెనక వీధిలోనే ఉండేవారు. వాళ్ళు మన కొట్టులో ఉప్పు కొనేవారు, మన అరుగు ఎక్కేవారు కాదు. తొంభై ఏళ్ళు ఒక ఊళ్ళో ఉండి ఆ ఊరి వాద్యం ఒక్కసారి కూడా పిలిపించుకోలేదు మనం. విజయనగరం కళాశాల రిజిస్టరు కొట్టువాడి కొడుక్కి గీత ఖాళీ పెట్టింది. మోహురికి పెట్టలేదు. అదే ఊళ్ళ నుంచి, అదే రైలు దారి పక్కన. సంగీతం అందరికీ తెరిచిన తలుపు అని పైన రాసిన దాన్ని కొట్టెయ్యక్కర్లేదు గానీ, ఆ తలుపు ఎంత వెడల్పో కూడా రాయాలి.

కాబట్టి పత్రంలో రెండో సగం మార్చాను. పోయిన వేసవిలో ఊరెళ్ళి నాలుగు రోజులు ఒక మోహురి వాయించే పెద్దాయన ఇంటి ముందు కూర్చున్నాను. ఆయనకి అరవై దాటాయి. తన తండ్రి దగ్గర నేర్చుకున్నారు. పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళేటప్పుడు ఒక వరస, ఊరి పొలిమేర దాటేటప్పుడు ఒకటి, కొత్త పంట తినే పండక్కి ఒకటి. దేనికి దేన్ని వాయించాలో కచ్చితంగా లెక్క ఉంది. నేను తాతయ్య నోటుబుక్కు పద్ధతిలో స్వరం రాయబోయాను. కొన్ని రాశాను. కొన్ని చోట్ల ఆయన పట్టే స్వరం నా రి కీ గ కీ మధ్య ఎక్కడో ఉంటుంది, దానికి పుస్తకంలో గుర్తు లేదు. ఆ చోట ఏం రాయాలని మేడమ్‌ని అడిగితే, విన్నది విన్నట్టు రాయండి, గుర్తు మీరే పెట్టుకోండి అన్నారు. ఆఫీసులో నేను రోజూ చేసే పనే ఇది. కనిపించింది కనిపించినట్టు రాయడం, ఇలా ఉండాలి అనుకున్నది రాయకపోవడం.

ఆయనకి తాతయ్య నోటుబుక్కు చూపించాను. చదవలేరు. మోహన వర్ణం ఆగిన చోటు దాకా నేను పాడి వినిపించాను. ఆయన విని, మోహురి తీసి, అవే అయిదు స్వరాల్లో తిరిగే తన వరస ఒకటి వాయించారు. పొలిమేర దాటేటప్పటి వరస అది. కొట్టు సేటు ఇది వినేవాడు అన్నారు. సాయంత్రం తలుపు దగ్గరగా వేసుకుని లోపల కూర్చుని వినేవాడట, ఈయన చిన్నపిల్లాడిగా తండ్రితో వెళ్తున్నప్పుడు చూశారట. బల్ల మీద వేళ్ళ తాళం సంగతి అప్పుడు నాకు గుర్తొచ్చింది. రెండిటికీ ముడి పెట్టడం నా ఆశ కావచ్చు. ఆయన చెప్పింది మాత్రం చెప్పినట్టే పత్రంలో పెట్టాను.

మార్చిలో పరీక్షలయ్యాక మళ్ళీ వెళ్తున్నాను, ఈసారి మంచి రికార్డరుతో. తెలుగూ ఒడియా నాకు, నాన్నకి కలిపి సరిపోతాయి. కువి వచ్చిన మనిషి కావాలి, చాటికోన సంతలో పరిచయాలున్న మావయ్యలు ఎవరైనా ఒక పేరు చెప్పండి. సాలూరు అత్తయ్యగారి వాళ్ళ అటక మీద ఒక హార్మోనియం ఉందని, అది తాతయ్యదేనని పిన్ని అంటోంది. అదెలా ఉన్నా సరే, అమ్మెయ్యకండి. నేను పార్వతీపురంలో దిగి బస్సులో వచ్చి పట్టుకెళ్తాను.